అయిదు సెకన్ల చిట్టా

దస్త్రాన్ని భద్రపరిచామనుకున్న క్షణాన అది సాధారణంగా ఇంకా మెమరీలోనే ఉంటుంది. డిస్కుకు ఎప్పుడు చేరాలన్నది వేరే సంగతి, దానికో చరిత్ర ఉంది.

పాత యూనిక్సులో అప్‌డేట్ అనే చిన్న ప్రోగ్రాము 30 సెకన్లకొకసారి, పోగుపడినదంతా డిస్కుకు పంపమని పురమాయించేది. ఆలోగా కరెంటు పోతే రాసింది పోవడమే కాదు, దస్త్రవ్యవస్థ లెక్కలే తప్పేవి. యంత్రం మళ్ళీ లేచాక డిస్కంతా గాలించి సరిచేసుకోవలసి వచ్చేది.

మన పాత వర్తకులు ఏ పూట బేరం ఆ పూట చిట్టాలో రాసుకుని, తీరికగా ఆవర్జాకు ఎక్కించేవారు. జర్నలింగ్ చేసేదీ అదే. 2001 నవంబరులో లినక్సు 2.4.15తో వచ్చిన ఇఎక్స్‌టి3 ఈ చిట్టాను 5 సెకన్లకొకసారి ముగించేది. మామూలు అమరికలో చిట్టాకెక్కేది దస్త్రం పేరూ, చిరునామా వంటి వివరాలే. అయితే ఆ వివరాలకు ముందే అసలు సరుకు డిస్కు చేరాలన్న నియమం ఒకటుండేది. దానితో కొత్తగా రాసినదేదైనా ఇంచుమించు 5 సెకన్లలో క్షేమంగా ఉండేది. ఎవరూ మాట ఇవ్వలేదు, అందరూ నమ్మారు.

నమ్మడానికి మరో కారణమూ ఉంది. ఒక్క దస్త్రాన్ని వెంటనే డిస్కుకెక్కించమనే ఎఫ్‌సింక్ ఆజ్ఞ ఇస్తే, ఇఎక్స్‌టి3 తక్కిన దస్త్రాల సరుకునూ దానితోపాటు మోసేది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 ఆ ఆజ్ఞను తరచుగా వాడి, లినక్సు యంత్రాలను నత్తనడక నడిపించింది. ప్రోగ్రాములు రాసేవారు ఆ ఆజ్ఞ జోలికి పోకపోవడంలో వింతేముంది?

2008 డిసెంబరులో 2.6.28తో ఇఎక్స్‌టి4 స్థిరపడింది. వేగం కోసం ఇది డిస్కులో చోటు కేటాయించడాన్నే వాయిదా వేస్తుంది. పేరు మార్పు 5 సెకన్లలో చిట్టాకెక్కుతుంది, సరుకు మాత్రం 30 సెకన్లో అంతకు మించో ఆగవచ్చు. కొత్త దస్త్రం రాసి, దానికి పాతదాని పేరు పెట్టడం ప్రోగ్రాముల అలవాటు. ఆ సందులో యంత్రం ఆగిపోతే పాతదీ పోయె, కొత్తదీ లేకపోయె! 2009 తొలి నెలల్లో ఉబుంటు వాడుకరులకు తమ డెస్కుటాప్ అమరికల దస్త్రాలు సున్నా బైట్లతో దర్శనమిచ్చాయి.

ఎఫ్‌సింక్ లేనిదే పోసిక్స్ ప్రమాణం ఏ హామీ ఇవ్వదని ఇఎక్స్‌టి4 నిర్వాహకుడు థియొడోర్ చో వాదించారు. శాస్త్రప్రకారం ఆయనదే న్యాయం. నా మనసు మాత్రం ఎదుటిపక్షానికే మొగ్గుతుంది. పాతదో కొత్తదో ఒకటి మిగలాలనుకోవడం అత్యాశ కాదు గదా! చివరికి, పేరు మార్చి పాతదానిపై పెట్టినప్పుడు సరుకును ముందే పంపే సవరణను ఆయనే రాశారు. 2009లోనే 2.6.30తో అది అందరికీ అందింది.

చిట్టా ముగించే గడువు ఇఎక్స్‌టి4లోనూ 5 సెకన్లే. కావాలంటే పెంచుకోవచ్చు. బ్యాటరీ ఆదా కోసం వచ్చిన ల్యాప్‌టాప్ మోడ్ స్క్రిప్టు దాన్ని 600 సెకన్లు చేసేది. బ్యాటరీ హఠాత్తుగా చస్తే అంత పనీ పోవచ్చునని హెచ్చరిక కూడా అందులోనే రాసిపెట్టారు.