సింహాసనం దక్కినా నిలువని భాష

రోమన్ సైన్యాల వెంట గాల్ దేశం చేరిన లాటిన్, కొన్ని శతాబ్దాలలో అక్కడి గాలిష్ భాషను మింగివేసింది. గెలిచినవాడి భాషే నిలుస్తుందనేవారు దీనినే ఉదహరిస్తారు. బస్తర్ చరిత్ర ఆ మాటను అంగీకరించదు.

ఛిందక నాగుల కాలంలో రాణి గంగమహాదేవి బారసూరులో వేయించిన శాసనం తెలుగులో ఉంది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడని సంప్రదాయం. ఆ వంశపాలన 1948 వరకు సాగింది. అయినా తెలుగు రాజభాషగా నిలువలేదు. 1703 నాటి దంతెవాడ శాసనంలో దిక్పాలదేవుడు సంస్కృతానికి తోడుగా వాడినది హిందీ కుటుంబపు దేశభాష. సంతలో, దర్బారులో వ్యాపించినది హల్బీ. తెలుగు దక్షిణపు అంచున, భోపాలపట్నం, కోంటా వైపు జనం నోట మాత్రమే మిగిలింది.

అంటే సింహాసనం ఒక్కటే చాలదు. లాటిన్‌ను నిలిపినవి పట్టణం, న్యాయస్థానం, బడి. నేడు గోండీకి కొరవడినవీ అవే. తెలుగుకు దగ్గరి చుట్టమైన ఈ భాషను మాట్లాడేవారు 2011 జనగణన ప్రకారం 29 లక్షలకు పైగా ఉన్నారు. అంతకంటే తక్కువమంది మాట్లాడే బోడో 2003లోనే ఎనిమిదో షెడ్యూలులో చేరింది. గోండీ నేటికీ బయటే ఉంది.

గాలిష్ నిషేధంతో పోలేదు. బిడ్డలకు అది అక్కరకు రాదని తల్లిదండ్రులు భావించిన నాడు పోయింది.