యథార్థత

'యథా' అంటే ఎలాగో అలాగే. 'అర్థం' అంటే ఇక్కడ భావం కాదు, విషయం. రెండూ సవర్ణదీర్ఘ సంధితో కలిసి 'యథార్థం' అయింది: ఉన్నది ఉన్నట్టు. మామూలు వాడుకలో ఇది నోటికి సంబంధించిన మాట. యథార్థవాది లోకవిరోధి అన్న నానుడి కూడా నిజం చెప్పేవాడి గురించే.

తెలుగు బైబిల్లో మాత్రం ఈ మాట నోట్లోంచి నడతలోకి దిగింది. యోబు గ్రంథం మొదటి వచనంలోనే యోబు 'యథార్థవర్తనుడు'. అక్కడి హీబ్రూ మాట 'తామ్': కొరత లేనిది, పూర్తిగా ఉన్నది. బలిపశువుకు ఏ లోపమూ ఉండకూడదని చెప్పే 'తామీమ్' కూడా ఆ ధాతువుదే. చిత్రమేమిటంటే, ముందుముందు తండ్రినే బురిడీ కొట్టించబోయే యాకోబుకూ ఆదికాండం 25లో ఇదే 'తామ్' వాడారు. మన అనువాదకులు అక్కడ 'సాధువు' అని సరిపెట్టారు. తెలివైన పనే!

ఇప్పుడు ప్రార్థనల్లో 'యథార్థ హృదయంతో' అని అలవాటుగా దొర్లిపోతుంది. అలవాటైనకొద్దీ పదును తగ్గిందనిపిస్తుంది నాకు. ఆ పదును చూడాలంటే యోబు 31వ అధ్యాయం తెరవాలి. అక్కడ యోబు తనను సరైన త్రాసులో తూచమంటాడు. పనివాళ్ల ఫిర్యాదు తోసిపుచ్చానా, అనాథకు పెట్టకుండా ఒక్కణ్ణే తిన్నానా, దారినపోయేవాడికి తలుపు మూశానా, వెల ఇవ్వకుండా పొలం పంట అనుభవించానా అని ఒక్కొక్కటే అడుగుతాడు. ఉపవాసాల లెక్క ఆ జాబితాలో లేదు.