నిర్బంధానికి గడువు: ఛోటానాగపూర్ చరిత్ర నేర్పిన పాఠం

1912 ఫిబ్రవరిలో ఛోటానాగపూర్ ప్రాంతంలోని సాక్చి గ్రామంలో టాటా వారి కర్మాగారం తొలి ఉక్కును ఉత్పత్తి చేసింది. 1919లో జంషెడ్‌పూర్‌గా నామకరణం పొందిన ఆ పట్టణానికి ఉత్తరాంధ్ర నుంచి జీవనోపాధికై తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. అదే 1912లో వలస ప్రభుత్వం భారత ఉన్మాదుల చట్టాన్ని కూడా చేసింది. కర్మాగార చరిత్ర లోకవిదితం. చట్టం చరిత్ర మాత్రం ఆసుపత్రి గోడల వెనుక, కారాగారాల దస్తావేజులలో మరుగునపడింది.

హైదరాబాదులో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని పరిహాసమాడినట్లే, ఆ ప్రాంతంలో ‘రాంచీకి పంపాలి’ అంటారు. రాంచీ సమీపంలోని కాంకేలో 1918లో యూరోపియన్ల కోసం, 1925లో భారతీయుల కోసం వేర్వేరు మానసిక చికిత్సాలయాలు ఏర్పడటమే ఈ నానుడికి మూలం.

1912 చట్టం ప్రకారం బంధువుల అర్జీ, రెండు వైద్య ధ్రువపత్రాలు ఉంటే మేజిస్ట్రేటు ఒక వ్యక్తిని ఆసుపత్రిలో ఉంచవలసిందిగా ఉత్తర్వు చేయవచ్చు. ఉన్మాదం వల్ల ప్రమాదకారి అని తోచిన వ్యక్తిని పోలీసు అధికారి నిర్బంధించి మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవలసిందే. విడుదలకు మార్గాలు లేకపోలేదు. కాని చేరిన వ్యక్తి ఎంతకాలం ఉండాలో ఉత్తర్వు చెప్పేది కాదు. ఆ చట్టం రోగి స్వస్థత కంటే సమాజ భద్రతకే ప్రాధాన్యమిచ్చింది.

గడువు లేని నిర్బంధం ఎంతటి అనర్థానికి దారితీస్తుందో హజారీబాగ్ కేంద్ర కారాగారం నిరూపించింది. అక్కడివారు నేరవిచారణ స్మృతి కింద నిర్బంధితులు. మతిస్థిమితం లేదన్న కారణంతో దశాబ్దాల తరబడి చెరలో మగ్గిన 16 మంది గురించి స్థానిక ఉచిత న్యాయ సహాయ సంఘం 1982లో సుప్రీంకోర్టుకు లేఖ రాసింది. స్వస్థత చేకూరినట్లు వైద్యులు తెలియజేసిన పిదప కూడా, విడుదల ఉత్తర్వు వెలువడనందున ఏళ్లకేళ్లు చెరలోనే గడిపిన వారు అందులో ఉన్నారు. వీణా సేథీ వ్యాజ్యంగా ప్రసిద్ధమైన ఈ కేసులో న్యాయస్థానం వారిని విడుదల చేయించడమే గాక, స్వగ్రామం చేరేందుకు దారి ఖర్చులు కూడా ప్రభుత్వమే ఇవ్వాలని ఆదేశించింది. వారిని చెరలో నిలిపి ఉంచింది ఎవరి క్రౌర్యమూ కాదు, కదలని దస్త్రం.

1993లో అమలుకు వచ్చిన 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ‘ఉన్మాది’ అన్న మాటను తొలగించి, పోలీసులు అదుపులోకి తీసుకున్న వ్యక్తిని 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలపాలని విధించింది. 2018లో అమలైన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరొక మెట్టు ముందుకు వేసింది. వ్యాధి ఉన్నదన్న ఒక్క కారణం నేడు చాలదు. వ్యాధి తీవ్రత వల్ల ఆ వ్యక్తి ఇటీవల తనకు హాని తలపెట్టి ఉండాలి, లేదా ఇతరులపై హింసకు దిగి లేదా వారిని భయానికి గురిచేసి ఉండాలి, లేదా తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడే స్థితిలో ఉండాలి. ఒక మానసిక వైద్యుడు, మరొక నిపుణుడు విడివిడిగా పరీక్షించి నిర్ధారించాలి. చేర్చుకున్న సంగతి 7 రోజులలో, స్త్రీలు, మైనర్ల విషయంలో 3 రోజులలో సమీక్షా మండలికి తెలపాలి. తొలి గడువు 30 రోజులు. ఆపై కొనసాగించడానికి ఇద్దరు మానసిక వైద్యుల నిర్ధారణ, మండలి అనుమతి తప్పనిసరి.

శతాబ్దం పైబడిన ఈ చరిత్రలో నిర్బంధానికి కారణాలు అన్ని కాలాలలోనూ ఉన్నాయి. ఇప్పుడు గడువు వచ్చి చేరింది. అయితే గడువు ముగిసిన నాడు దస్త్రం తెరవవలసింది కార్యాలయంలోని ఉద్యోగి. హజారీబాగ్ ఖైదీలు కోల్పోయిన సంవత్సరాలను ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. ఆ సంగతిని మన కార్యాలయాలు విస్మరించరాదు.