భాగం 12: గినీ-బిసావు విముక్తి యుద్ధంలో ఆయుధాలు (1963-1974)

12.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• గినీ-బిసావులో సాయుధ పోరాటం మొదలవడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• పోర్చుగీసు సైన్యం, గెరిల్లా దళాలు వాడిన ఆయుధాలను ఆ దేశ భౌగోళిక పరిస్థితులతో కలిపి పరిశీలించగలుగుతారు.
• 1973లో విమాన విధ్వంసక క్షిపణుల రాకతో యుద్ధగతి ఎలా మారిందో అంచనా వేయగలుగుతారు.
• స్వాతంత్ర్యం తరువాత అవే ఆయుధాలు రాజ్యానికి ఎందుకు సమస్యగా మారాయో చర్చించగలుగుతారు.

12.1 పరిచయం

ఆఫ్రికాలో జరిగిన తిరుగుబాటు యుద్ధాల గురించి చదివేటప్పుడు మీకు ఒక సందేహం కలగడం సహజం. విమానాలు, హెలికాప్టర్లు, ఫిరంగులు ఉన్న ప్రభుత్వ సైన్యాలు చేతి ఆయుధాలతో తిరిగే గెరిల్లాలను ఎందుకు అణచలేకపోయాయి? దీనికి సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. విదేశాలు మంచి ఆయుధాలు ఇచ్చాయి కాబట్టి గెరిల్లాలు గెలిచారని కొందరు అంటారు. ప్రజలు వారి వైపు ఉన్నారు కాబట్టి ఆయుధాలతో నిమిత్తం లేకుండానే గెలిచారని మరికొందరు అంటారు. ఈ రెండింటిలోనూ కొంత నిజం ఉంది గానీ, ఏ ఒక్కటీ పూర్తి సమాధానం కాదు.

పశ్చిమ ఆఫ్రికాలోని గినీ-బిసావు చరిత్ర ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతుంది. సుమారు 36,000 చదరపు కిలోమీటర్ల ఈ చిన్న దేశంలో 1963 నుంచి 1974 వరకు యుద్ధం సాగింది. ఆయుధం బలం దాన్ని పట్టుకున్న చేతిలోనే కాక, ఆ చేతిని నడిపే రాజకీయ నిర్మాణంలో కూడా ఉంటుందని ఈ యుద్ధం నేర్పింది. ఆ నిర్మాణం సడలినప్పుడు ఏమవుతుందో తరువాతి దశాబ్దాలు నేర్పాయి.

పదాల విషయంలో మీరు జాగ్రత్త వహించాలి. పోర్చుగీసు ప్రభుత్వం ఈ పోరాటాన్ని ఉగ్రవాదం అన్నది. పోరాడినవారు దాన్ని జాతీయ విముక్తి అన్నారు. ఒక ఆధారంలో ఏ పదం వాడారో చూస్తే, దాన్ని రాసినవారు ఎవరి పక్షమో చాలావరకు తెలిసిపోతుంది.

12.2 పోరాట నేపథ్యం

గినీ-బిసావు ప్రజల్లో అత్యధికులు రైతులు. పల్లపు తీరంలో వరి ప్రధాన పంట. వలస ప్రభుత్వం పన్నుల ద్వారా, వ్యాపార సంస్థల ద్వారా వేరుశనగ సాగును ప్రోత్సహించి, తక్కువ ధరకు కొని ఎగుమతి చేసేది. 1953లో ఆ దేశంలో జరిగిన వ్యవసాయ గణనకు నాయకత్వం వహించిన అధికారి అమిల్కార్ కబ్రాల్. లిస్బన్‌లో వ్యవసాయశాస్త్రం చదివిన కబ్రాల్ ఆ పని మీద ఊరూరా తిరిగాడు. ఏ నేలలో ఏ పంట పండుతుందో, ఏ తెగకు ఎలాంటి కట్టుబాట్లు ఉన్నాయో, ఎవరి కష్టం ఏమిటో ప్రత్యక్షంగా తెలుసుకున్నాడు. పదేళ్ల తరువాత యుద్ధాన్ని నడపడానికి ఈ జ్ఞానమే పునాది అయింది.

1956లో కబ్రాల్, అతని సహచరులు బిసావులో ఒక రహస్య పార్టీని స్థాపించారు. గినీ, కేప్ వర్దీ దీవుల స్వాతంత్ర్యం దాని ధ్యేయం. పోర్చుగీసు పేరులోని అక్షరాలను బట్టి దాన్ని పి.ఎ.ఐ.జి.సి. అంటారు. మొదట ఆ పార్టీ పట్టణ కార్మికుల మీద ఆధారపడింది. 1959 ఆగస్టు 3న బిసావులోని పిజిగిటి రేవులో కూలి పెంచమని సమ్మె చేసిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదుల సంఖ్యలో కార్మికులు మరణించారు. పట్టణంలో బహిరంగ పోరాటానికి తావు లేదని గ్రహించిన పార్టీ గ్రామాల వైపు మళ్లింది. పొరుగున ఉన్న గినీ రిపబ్లిక్ 1958లోనే ఫ్రాన్స్ నుంచి స్వతంత్రం పొందింది. దాని రాజధాని కొనాక్రీ పార్టీకి స్థావరమైంది.

1963 జనవరి 23న టిటె వద్ద ఉన్న పోర్చుగీసు సైనిక శిబిరంపై దాడితో సాయుధ పోరాటం ఆరంభమైంది.

12.3 నేల, నీరు, ఆయుధం

గినీ-బిసావు తీర ప్రాంతాన్ని మీరు ఊహించుకోండి. సముద్రపు పాయలు లోతట్టు ప్రాంతం దాకా చొచ్చుకువస్తాయి. వాటి ఒడ్డున మడ అడవులు ఉంటాయి. సముద్రపు పోటు సమయంలో చాలా నేల నీట మునుగుతుంది. వానాకాలంలో మట్టి రోడ్లు పనికిరావు. ఇలాంటి చోట బరువైన వాహనం బలం కాకపోగా భారమవుతుంది. 1969 ఫిబ్రవరిలో మదీనా దో బోయె శిబిరాన్ని ఖాళీ చేసి వస్తున్న పోర్చుగీసు సైనికులు కొరుబాల్ నదిని దాటుతుండగా 40 మందికి పైగా మునిగి చనిపోయారు.

గెరిల్లాల ఆయుధాలు ఈ నేలకు సరిపోయాయి. మొదట్లో వారి దగ్గర పాత తుపాకులు, సబ్‌మెషిన్ గన్‌లు, మందుపాతరలు ఉండేవి. క్రమంగా కలాష్నికోవ్ రైఫిళ్లు, భుజంపై నుంచి పేల్చే ఆర్.పి.జి. రాకెట్ లాంచర్లు, మోర్టార్లు వచ్చాయి. సోవియట్ యూనియన్, చైనా, చెకోస్లోవేకియా ఆయుధ సహాయం చేశాయి. క్యూబా సైనిక శిక్షకులను, వైద్యులను పంపింది. 1963లో ఏర్పడిన ఆఫ్రికా ఐక్యతా సంస్థ తన విముక్తి కమిటీ ద్వారా తోడ్పడింది. స్వీడన్ 1969 నుంచి ఆయుధాలు కాకుండా ఆహారం, మందులు, పాఠశాల సామగ్రి ఇచ్చింది.

ఆయుధాలు కొనాక్రీ రేవులో దిగితే యుద్ధభూమికి చేరినట్లు కాదు. సరిహద్దు దాటిన తరువాత వాటిని చాలావరకు మనుషులే మోయాలి. మోర్టార్ గొట్టం ఒకరు, దాని అడుగుపళ్లెం ఇంకొకరు, గుండ్లు మరికొందరు మోసుకుంటూ రోజుల తరబడి నడిచేవారు. ఈ మోతలో స్త్రీల పాత్ర చాలా పెద్దది. గ్రామస్థులు దారి చూపకపోతే, అన్నం పెట్టకపోతే, కబురు బయటికి పొక్కకుండా దాచకపోతే ఒక్క మోర్టార్ కూడా గమ్యం చేరేది కాదు. కాబట్టి ప్రజల మద్దతునూ ఆయుధ సరఫరానూ వేర్వేరుగా చూడలేమని మీరు గమనించాలి.

12.4 తుపాకీని అదుపు చేసిన పార్టీ

యుద్ధం మొదలైన ఏడాదికే పార్టీకి ఒక ప్రమాదం ఎదురైంది. ఆయుధం చేతికి వచ్చిన కొందరు స్థానిక దళనాయకులు చిన్న దొరల్లా ప్రవర్తించసాగారు. గ్రామస్థులను వేధించారు. 1964 ఫిబ్రవరిలో కాసకా అనే చోట జరిగిన పార్టీ మహాసభ ఈ సమస్యను నేరుగా ఎదుర్కొంది. అదే సమయంలో కోమో దీవిలో పోర్చుగీసు సైన్యంతో భీకర పోరు జరుగుతోంది. అయినా మహాసభ అకృత్యాలకు పాల్పడిన దళనాయకులను విచారించి శిక్షించింది. విడివిడి దళాలను ఒకే నాయకత్వం కిందికి తెచ్చి క్రమబద్ధమైన సైన్యాన్ని ఏర్పరచింది. తమవారు ఆయుధం పట్టిన రాజకీయ కార్యకర్తలే తప్ప, కేవలం సైనికులు కారని కబ్రాల్ పదేపదే బోధించేవాడు.

పార్టీ ఆధీనంలోకి వచ్చిన ప్రాంతాల్లో పాఠశాలలు, వైద్యశాలలు, ప్రజా దుకాణాలు వెలిశాయి. రైతులు వరి ఇచ్చి బట్ట, ఉప్పు, పనిముట్లు తీసుకునేవారు. 1972 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి బృందం ఈ ప్రాంతాలను స్వయంగా సందర్శించింది.

12.5 గగనతలం కోసం పోరు

నేల మీద కోల్పోతున్న పట్టును పోర్చుగల్ ఆకాశం నుంచి నిలుపుకోవడానికి ప్రయత్నించింది. పోర్చుగల్ నాటో కూటమిలో సభ్యదేశం. అయితే ఆ కూటమి ఆయుధాలను ఆఫ్రికాలో వాడటంపై మిత్రదేశాలకు అభ్యంతరాలు ఉండేవి. అమెరికా ఒత్తిడి వల్ల సేబర్ జెట్ విమానాలను 1964లో బిసావు నుంచి ఉపసంహరించుకోవలసి వచ్చింది. వాటి స్థానంలో పశ్చిమ జర్మనీ నుంచి పొందిన ఫియట్ జి-91 జెట్‌లు 1966లో వచ్చాయి. ఫ్రెంచి తయారీ అలుయెట్ హెలికాప్టర్లు సైనికులను మెరుపుదాడులకు చేరవేసేవి, గాయపడినవారిని ఆసుపత్రికి తరలించేవి.

1968లో గవర్నరుగా వచ్చిన జనరల్ స్పినొలా హెలికాప్టర్ దాడులను తీవ్రం చేశాడు. మరోపక్క రోడ్లు, ఇళ్లు, పాఠశాలలు కట్టించి ప్రజలను తన వైపు తిప్పుకోవడానికి ప్రయత్నించాడు. పార్టీ నడిపిన పాఠశాలకు పోటీగా ప్రభుత్వం పాఠశాల కట్టవలసి రావడంలోనే ఈ యుద్ధం స్వభావం కనిపిస్తుంది. 1970 నవంబరు 22న పోర్చుగీసు దళాలు సముద్రమార్గాన కొనాక్రీపై దాడి చేశాయి. అక్కడ బందీలుగా ఉన్న తమ సైనికులను విడిపించుకున్నాయి గానీ, కబ్రాల్‌ను పట్టుకోలేకపోయాయి. 1973 జనవరి 20న కొనాక్రీలోనే, పార్టీలోని అసమ్మతివాదుల చేతిలో కబ్రాల్ హత్యకు గురయ్యాడు.

నాయకుడు పోతే పోరాటం కూలిపోతుందనుకున్నవారి అంచనా తప్పింది. సుమారు రెండు నెలలకే కొత్త ఆయుధం రంగంలోకి వచ్చింది. అది సోవియట్ తయారీ స్ట్రెలా-2 క్షిపణి. లాంచర్‌తో కలిపి సుమారు 15 కిలోల బరువున్న దీన్ని ఒక మనిషి భుజం మీద పెట్టుకుని పేల్చవచ్చు. విమాన ఇంజను వెలువరించే వేడిని పసిగట్టి అది వెంటాడుతుంది. దీని ప్రయోగంలో సోవియట్ యూనియన్‌లో శిక్షణ పొందిన దళాలు పార్టీకి ఉన్నాయి.

1973 మార్చి 25న ఒక ఫియట్ జెట్ కూలింది. మూడు రోజుల తరువాత మరొకటి కూలింది. ఏప్రిల్ మొదటి వారంలో మరికొన్ని విమానాలు నేలకూలాయి. పోర్చుగీసు పైలట్లు ఎగిరే ఎత్తును, పద్ధతులను మార్చుకోవలసి వచ్చింది.

ఇక్కడ అతిశయోక్తికి పోకూడదు. క్షిపణులు వచ్చాక పోర్చుగీసు విమానాలు శాశ్వతంగా ఆగిపోలేదు. జాగ్రత్తలు తీసుకుని మళ్లీ ఎగిరాయి, బాంబులు వేశాయి. అయితే శిబిరాల్లోని సైనికుడికి ఉన్న ఒక నమ్మకం సడలింది. గాయపడితే హెలికాప్టర్ వస్తుందని, శత్రువు చుట్టుముడితే విమానం ఆదుకుంటుందని అతను అంతకుముందు ధైర్యంగా ఉండేవాడు. మే నెలలో దక్షిణ సరిహద్దులోని గిలెజె శిబిరంపై ఎడతెగని ఫిరంగి కాల్పులు జరిగాయి. మే 22న సైనికులు, వారితో ఉన్న పౌరులు శిబిరాన్ని వదిలి కాలినడకన వెళ్లిపోయారు. ఆ నిర్ణయం తీసుకున్న అధికారిని స్పినొలా నిర్బంధించాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. కాసకా మహాసభ ఏ సమస్యను పరిష్కరించింది?
2. స్ట్రెలా-2 క్షిపణుల ప్రభావం కూలిన విమానాల సంఖ్యకే పరిమితమా? ఐదు వాక్యాల్లో రాయండి.

12.6 యుద్ధం లిస్బన్‌కు చేరిన తీరు

1973 సెప్టెంబరు 24న మదీనా దో బోయె ప్రాంతంలో సమావేశమైన జాతీయ శాసనసభ స్వాతంత్ర్యాన్ని ప్రకటించింది. అనేక దేశాలు వెంటనే గుర్తించాయి. రాజధాని ఇంకా పోర్చుగీసు చేతిలో ఉండగానే ఇది జరగడం విశేషం.

పోర్చుగీసు అధికారుల మనసులో ఆనాడు మెదిలిన భయానికి మన దేశంతో సంబంధం ఉంది. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాలో ప్రవేశించినప్పుడు, చివరి మనిషి వరకూ పోరాడాలని పోర్చుగీసు పాలకుడు సలజార్ ఆదేశించాడు. గవర్నర్ జనరల్ వస్సాలో ఎ సిల్వా ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి లొంగిపోయి వేలమంది ప్రాణాలు కాపాడాడు. అందుకు స్వదేశంలో అతన్ని సైన్యం నుంచి వెలివేశారు. గినీలో ఓటమి వస్తే ప్రభుత్వం మళ్లీ సైన్యం మీదనే నెపం వేస్తుందని చాలామంది అధికారులు అనుమానించారు. అంగోలా, మొజాంబిక్‌లతో కలిపి మూడు రంగాల్లో సాగుతున్న యుద్ధాలకు సైనిక పరిష్కారం లేదని వారు గ్రహించారు. 1974 ఏప్రిల్ 25న యువ సైనికాధికారులు లిస్బన్‌లో నియంతృత్వాన్ని కూల్చారు. వారిలో గినీలో పనిచేసినవారు ఎందరో ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 10న గినీ-బిసావు స్వాతంత్ర్యాన్ని పోర్చుగల్ గుర్తించింది.

12.7 మిగిలిపోయిన ఆయుధాలు

యుద్ధం ముగిసింది గానీ, తుపాకులు దేశంలోనే మిగిలాయి. పోర్చుగీసు సైన్యంలో పనిచేసిన స్థానిక ఆఫ్రికన్ సైనికులు అనేకమందిని స్వాతంత్ర్యం తరువాత కాల్చి చంపారు. దళనాయకులను విచారించి శిక్షించిన పార్టీయే ఓడినవారికి న్యాయమైన విచారణ ఇవ్వలేకపోయింది. 1980 నవంబరు 14న గెరిల్లా యుద్ధవీరుడు జోవావో బెర్నార్డో వియెరా సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాడు. కేప్ వర్దీతో ఐక్యత అంతటితో ముగిసింది.

పక్కనే సెనెగల్‌లోని కసమాన్స్ ప్రాంతంలో 1982 నుంచి వేర్పాటు పోరాటం నడుస్తోంది. ఆ తిరుగుబాటుదారులకు గినీ-బిసావు సైన్యం ఆయుధాలు చేరుతున్నాయన్న ఆరోపణపై వియెరా సైన్యాధిపతి అన్సుమానే మానెను తొలగించాడు. 1998 జూన్ 7న మానె తిరగబడ్డాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే విముక్తి సైన్యంలో పోరాడినవారే. సైన్యంలో అత్యధికులు మానె వైపు నిలిచారు. వియెరాకు మద్దతుగా సెనెగల్, గినీ రిపబ్లిక్ సైన్యాలు వచ్చాయి. ఫిరంగి గుండ్లు ఈసారి బిసావు నగరం మీదనే పడ్డాయి. లక్షలాది ప్రజలు ఊళ్లకు పారిపోయారు. విముక్తి పోరాటంలో పట్టణం నుంచి వచ్చినవారికి తలదాచుకోవడానికి చోటిచ్చిన పల్లెలు మరోసారి అదే పని చేశాయి. 1999 మేలో వియెరా పదవి కోల్పోయాడు. నగర పరిసరాల్లో పాతిన మందుపాతరలను తొలగించడానికి ఏళ్లు పట్టింది.

1964లో కాసకాలో తుపాకీని విచారణకు నిలబెట్టిన రాజకీయ అధికారం 1998 నాటికి బలహీనపడింది. అప్పుడు రాజకీయమే తుపాకీ ముందు నిలబడవలసి వచ్చింది. రెండు సందర్భాల్లోనూ ఆయుధాలు దాదాపు ఒకే రకానివి. మారింది వాటిని అదుపు చేసే వ్యవస్థ.

12.8 సారాంశం

గినీ-బిసావు గెరిల్లాల విజయానికి విదేశీ ఆయుధాలు అవసరమయ్యాయి. అయితే అవి నేలకు తగినవి కావడం, ప్రజలు మోసి దాచగలిగినవి కావడం, క్రమశిక్షణ గల పార్టీ అదుపులో ఉండటం వల్లనే ఫలించాయి. స్ట్రెలా-2 క్షిపణి పదేళ్లుగా నిర్మించుకున్న వ్యవస్థ చేతికి వచ్చింది కాబట్టి యుద్ధగతిని మార్చగలిగింది. స్వాతంత్ర్యం తరువాత ఆ వ్యవస్థ క్షీణించడంతో అవే ఆయుధాలు దేశ ప్రజల మీదకే తిరిగాయి. ఆఫ్రికాలోని ఏ సాయుధ సంఘర్షణను అధ్యయనం చేసినా, ఆయుధాలు ఎక్కడి నుంచి వచ్చాయి అనే ప్రశ్నతో పాటు, అవి ఎవరికి జవాబుదారీ, యుద్ధం ముగిశాక ఎవరి చేతిలో మిగిలాయి అనే ప్రశ్నలు కూడా వేయండి.

12.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గినీ-బిసావు విముక్తి యుద్ధంలో భౌగోళిక పరిస్థితులు, ఆయుధాలు, ప్రజా మద్దతు మధ్య గల సంబంధాన్ని చర్చించండి.
2. 1964 నాటి కాసకా మహాసభను, 1998 నాటి సైనిక తిరుగుబాటును పోల్చి విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పిజిగిటి రేవు ఘటన ప్రాధాన్యం ఏమిటి?
2. గోవా అనుభవం పోర్చుగీసు సైనికాధికారుల ఆలోచనపై చూపిన ప్రభావాన్ని వివరించండి.