పుకార్లతో పన్నిన వల

సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న వరంగల్ వాళ్లకు కూడా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేరు తెలిసిందంటే, అది చాలావరకు 2017లో రానా నటించిన సినిమా పుణ్యమే. అందులో మన జలాంతర్గామి నీటి అడుగున ఘాజీతో తలపడుతుంది. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో విశాఖ దగ్గర అలాంటి పోరాటమేదీ జరగలేదు. అసలు కథ నడిపిన మనిషి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్.

1919లో నాగర్‌కోయిల్‌లో పుట్టిన కృష్ణన్‌కు యుద్ధం కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోనే, పర్షియన్ సింధుశాఖ ప్రాంతంలో చూపిన తెగువకు బ్రిటిష్ వారి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అందుకున్నారు. ఆ తర్వాత విమానవాహక నౌక విక్రాంత్‌కు కెప్టెన్‌గానూ పనిచేశారు.

ఘాజీ వేటాడ వచ్చింది ఆ విక్రాంత్‌నే. ఒక బాయిలర్ దెబ్బతిని, పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఉందది. కృష్ణన్ దాన్ని గుట్టుగా అండమాన్ వైపు పంపేశారు. విశాఖలో మాత్రం అది దగ్గర్లోనే ఉందన్న భ్రమ కల్పించారు. కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డరిచ్చారు. తల్లికి జబ్బు చేసిందని కబురందిన నావికుడొకరు ఆమె క్షేమం అడుగుతున్నట్టు, విక్రాంత్ నుంచి వచ్చినట్టే ఒక వైర్‌లెస్ సందేశం బాహాటంగా పంపించారు. ఊరి నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. ఈయన ఆ ప్రయత్నమే చేయలేదు, ఆ నోటినే వాడుకున్నారు!

విక్రాంత్ వేషం కట్టింది రాజ్‌పుత్. సర్వీసు నుంచి తప్పించబోతున్న పాత డిస్ట్రాయర్ అది. డిసెంబరు 3 రాత్రి రేవు దాటగానే నీళ్లలో అలజడి కనిపించిందని, కెప్టెన్ ఇందర్ సింగ్ రెండు డెప్త్ ఛార్జీలు వేయించారని మన నౌకాదళం కథనం. అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. విశాఖలో కిటికీ అద్దాలు అదిరాయి. ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. తాను పరిచిన మందుపాతరకే అది బలైందని పాకిస్తాన్ వాదన. ఆ తగవు నేటికీ తెగలేదు. ఎవరి మాట నిజమైనా, విక్రాంత్ లేని చోట ఘాజీ కాపు కాసిందన్నది మాత్రం వాస్తవం. కృష్ణన్ ఎత్తు అంతవరకూ పారినట్టే.

ఈలోగా విక్రాంత్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ల మీద విరుచుకుపడ్డాయి. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయినప్పుడు నౌకాదళం తరఫున కృష్ణన్ అక్కడే ఉన్నారు. పద్మభూషణ్ వచ్చింది. రిటైరయ్యాక కొచ్చిన్ షిప్‌యార్డ్ బాధ్యతలు చూశారు. 1982లో కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందే, బంగాళాఖాతంలో జరిగిన ఆ యుద్ధాన్ని 'నో వే బట్ సరెండర్' అనే పుస్తకంగా తానే రాసి పెట్టారు.