సిడ్నీ నుంచి లండన్‌కు: మారని దూరం, తరిగిన కాలం

సిడ్నీ, లండన్ విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దారి దాదాపు 17,000 కిలోమీటర్లు. వందేళ్లలో ఆ దూరం మారలేదు, ప్రయాణ కాలమే తరిగింది. విమానాల వేగం పెరగడం అందుకు ఒక కారణం. నేలమీద ఆగి గడిపే సమయం తగ్గడం అంతకంటే పెద్ద కారణం.

30 రోజుల్లోపు బ్రిటన్ నుంచి స్వదేశానికి ఎగిరి వచ్చే ఆస్ట్రేలియన్లకు ఆస్ట్రేలియా ప్రభుత్వం 1919లో 10,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరులు ఇద్దరు మెకానిక్కులతో కలిసి నవంబరు 12న లండన్ శివారులోని హౌన్‌స్లోలో బయల్దేరి, డిసెంబరు 10న డార్విన్‌లో దిగారు. వారి విక్కర్స్ విమీ విమానం గాలిలో ఉన్నది సుమారు 136 గంటలే, అంటే ఆరు రోజులకు లోపు. మిగతా కాలమంతా ఇంధనం నింపడానికి, మరమ్మతులకు, విశ్రాంతికి సరిపోయింది. కరాచీ, ఢిల్లీ, అలహాబాదు, కలకత్తాలలో ఆగుతూ వెళ్లారు. సురబయలో చక్రాలు బురదలో దిగబడితే, స్థానికులు తెచ్చిన వెదురు తడికలు పరుచుకొని వాటి మీదుగా పైకి లేచారు. విమానాశ్రయమంటే ఒట్టి మైదానమే అయిన రోజులవి.

1935లో బ్రిస్బేన్–లండన్ ప్రయాణికుల సర్వీసు మొదలైంది. పన్నెండున్నర రోజుల ఆ ప్రయాణంలో బ్రిండిసి నుంచి పారిస్ దాకా రైలెక్కాల్సి వచ్చేది.

1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కడంతో దారి తెగింది. మరుసటి ఏడాది నుంచి కాటలీనా నీటి విమానాలు పెర్త్ నుంచి శ్రీలంక దక్షిణ తీరంలోని కొగ్గల సరస్సుకు ఎక్కడా ఆగకుండా ఎగిరాయి. ఇంధనం బరువు వల్ల ముగ్గురికి మించి ప్రయాణికులను ఎక్కించుకోలేకపోయేవి. శత్రువు పసిగట్టకుండా రేడియో కట్టేసి, నక్షత్రాలే గుర్తుగా 27 నుంచి 33 గంటలు సాగే ఆ ప్రయాణంలో సూర్యోదయం రెండుసార్లు కనిపించేది. ఈ మార్గం చరిత్రలో ఇంతటి సాహసం మరొకటి లేదు.

1947 డిసెంబరు 1న కాన్‌స్టెలేషన్ విమానం 29 మంది ప్రయాణికులతో సిడ్నీ నుంచి బయల్దేరింది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగి నాలుగు రోజుల్లో లండన్ చేరింది. దీనికే ‘కంగారూ మార్గం’ అని పేరు. 1959లో బోయింగ్ 707 జెట్లు వచ్చాక ప్రయాణం రెండు రోజుల లోపుకు దిగింది.

1989 ఆగస్టులో ఒక బోయింగ్ 747-400 లండన్ నుంచి సిడ్నీకి ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో వచ్చింది. అందుకు సాంద్రత ఎక్కువ ఉన్న ప్రత్యేక ఇంధనం వాడారు. టికెట్ కొన్న ప్రయాణికులెవరూ అందులో లేరు. పైగా తూర్పుకు వచ్చే విమానాన్ని పైగాలులు వెనక నుంచి తోస్తాయి. పడమటికి వెళ్లేటప్పుడు అవే ఎదురవుతాయి.

2018 మార్చిలో పెర్త్–లండన్ మధ్య 14,498 కిలోమీటర్ల సర్వీసు ఎక్కడా ఆగకుండా సుమారు 17 గంటల్లో నడవడం మొదలైంది. అప్పటికీ సిడ్నీ ప్రయాణికులు దారిలో ఒక్కచోటైనా దిగవలసే వచ్చేది.