పక్క దేశం కలెక్షన్లు చూసి పార్ట్ 2 తీస్తే ఏమవుతుంది? చైనాలో హాలీవుడ్ సీక్వెల్స్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక సినిమా లెక్క మాట్లాడుకుందాం. ఒక సినిమా సొంత దేశంలో సరిగ్గా ఆడలేదు. కానీ ఇంకో దేశంలో కుమ్మేసింది. దానికి సీక్వెల్ తీయాలా, వద్దా? 2013 తర్వాత చాలా ఏళ్లు హాలీవుడ్ స్టూడియోలు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. వందల కోట్ల డాలర్లు ఈ ఒక్క ప్రశ్న మీద పెట్టాయి. ఆ ఇంకో దేశం పేరు చైనా.

మనకెందుకు ఈ గోల అంటారా? ఇప్పుడు మన దగ్గర కూడా ప్రతి పెద్ద సినిమా చివర్లో పార్ట్ 2 కార్డు పడుతోంది కదా. దాంతో పాటే జపాన్ రిలీజ్, చైనా రిలీజ్ అని పోస్టర్లు. కాబట్టి ముందు ఆ దారిలో వెళ్లినవాళ్ల సంగతి తెలుసుకోవడం మంచిదే.

మొదలు పసిఫిక్ రిమ్‌తో పెడదాం. 2013 జులై. గియెర్మో డెల్ టోరో డైరెక్టర్, బడ్జెట్ 19 కోట్ల డాలర్ల దాకా. సముద్రంలోంచి రాక్షసులొస్తాయి, మనుషులు బిల్డింగ్ అంత రోబోలు ఎక్కి వాటిని చితక్కొడతారు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు చూశా, ఇప్పటికీ ఆ ఓడను కర్రలా పట్టుకుని కొట్టే సీన్ అంటే నాకు పిచ్చి. కానీ అమెరికాలో మొదటి వారాంతం మూడో స్థానంలో నిలబడింది. పైన ఉన్నవి డెస్పికబుల్ మీ 2, గ్రోన్ అప్స్ 2. చూశారా, ఆ రెండూ సీక్వెల్సే. అమెరికా మొత్తం వసూలు 10.2 కోట్ల డాలర్లు. అయిపోయింది, ఫ్లాప్ అనుకున్నారు. అప్పుడు చైనాలో 11.2 కోట్లొచ్చాయి. ప్రపంచం మొత్తం కలిపి 41 కోట్లు దాటింది. వెంటనే పార్ట్ 2 మాటలు మొదలయ్యాయి.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పుకోవాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. మన ట్రేడ్ వాళ్లు ఎప్పుడూ రెండు మాటలు వాడతారు: గ్రాస్, షేర్. గ్రాస్ అంటే టికెట్లు తెగిన డబ్బు మొత్తం. షేర్ అంటే టాక్సులు, థియేటర్ ఖర్చులు పోను డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది. పోస్టర్ మీద గ్రాస్ వేస్తారు, అప్పు తీర్చేది మాత్రం షేరే. నైజాంలో ఏ డిస్ట్రిబ్యూటర్‌ని అడిగినా చెప్తాడు. సాఫ్ట్‌వేర్ భాషలో అయితే యాప్ డౌన్‌లోడ్స్ వేరు, అకౌంట్లో పడే డబ్బు వేరు.

చైనాలో షేర్ లెక్క ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 1994కి ముందు విదేశీ సినిమాలను వాళ్లు తక్కువ రేటుకి ఒకేసారి కొనేసేవారు, వసూళ్లలో వాటా ఉండేది కాదు. 1994లో ఏడాదికి పది సినిమాలకు వాటా పద్ధతి ఇస్తామన్నారు. అలా ఆ నవంబర్లో మొదట వెళ్లిన హాలీవుడ్ సినిమా హారిసన్ ఫోర్డ్ ది ఫ్యుజిటివ్. తమాషా ఏంటంటే, అది కూడా 1960ల నాటి అమెరికా టీవీ సీరియల్‌కి సినిమా రూపం. అంటే తలుపు తెరిచిందే పాత సరుకుని కొత్తగా తీసిన సినిమా! 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఆ పది ఇరవై అయింది. 2012 ఫిబ్రవరిలో అమెరికాతో ఒప్పందం కుదిరి ముప్పై నాలుగైంది. కొత్తగా పెరిగిన పద్నాలుగూ 3డీ, ఐమ్యాక్స్ లాంటి భారీ సినిమాలకే. స్టూడియో వాటా కూడా 25 శాతానికి పెరిగింది. అంతకుముందు 13 నుంచి 17 మధ్యలో ఉండేది.

25 శాతం అంటే బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ అమెరికాలో స్టూడియోకి సుమారు సగం వస్తుంది. ఇప్పుడు పసిఫిక్ రిమ్ లెక్క మళ్లీ వేయండి. చైనా 11.2 కోట్ల గ్రాస్‌లో షేర్ దాదాపు 2.8 కోట్లు. అమెరికా 10.2 కోట్లలో 5 కోట్ల పైన. గ్రాస్ చూస్తే చైనా పెద్దది, షేర్ చూస్తే అమెరికాలో సగం. ఈ చిన్న గుణకారం అందరికీ తెలుసు. స్టూడియోల్లో కూర్చున్నవాళ్లు ఎంబీఏలు చేసినవాళ్లే. అయినా చైనా ఏడాదికేడాది పెరుగుతోంది, రేపు ఇంకా పెరుగుతుంది అన్న ఆశ ముందు గుణకారం ఓడిపోయింది. నా అభిప్రాయం అదే.

సరే, పార్ట్ 2 వచ్చింది. పసిఫిక్ రిమ్: అప్‌రైజింగ్, 2018 మార్చి. ఈలోగా సినిమా తీసిన లెజెండరీ కంపెనీని చైనాకి చెందిన వాండా గ్రూప్ 2016లో 350 కోట్ల డాలర్లకు కొనేసింది. కాబట్టి కథలో ఒక చైనా టెక్నాలజీ కంపెనీ వచ్చింది, దాని బాస్‌గా చైనా నటి జింగ్ తియాన్ వచ్చింది. ఇంత చేశాక చైనాలో ఎంతొచ్చింది? సుమారు 10 కోట్ల డాలర్లు. అంటే మొదటి భాగం కంటే తక్కువ. అమెరికాలో 6 కోట్లకు పడిపోయింది. మొత్తం 41 నుంచి 29 కోట్లకు వచ్చింది. చైనా కోసం వండిన వంట చైనావాళ్లు కొత్తగా తిన్నదేమీ లేదు, ఇంట్లోవాళ్లు మాత్రం లేచి వెళ్లిపోయారు.

టెర్మినేటర్ జెనిసిస్ కూడా ఇదే వరస. 2015లో అమెరికాలో 9 కోట్లు, చైనాలో 11.3 కోట్లు. దాన్ని మూడు భాగాలుగా అనుకున్నారు. రెండోదానికి డేట్ కూడా వేసి తర్వాత తీసేశారు. 2019లో ఆ కథను పక్కన పెట్టి డార్క్ ఫేట్ అని ఇంకోటి తీస్తే అమెరికాలో 6.2, చైనాలో 5 కోట్లు. దీపికా పదుకొణె ఉన్న ట్రిపుల్ ఎక్స్ మూడో భాగం గుర్తుందా? 2017లో అమెరికా కంటే ముందే ఇండియాలో రిలీజ్ చేశారు. అమెరికాలో 4.5 కోట్లు, చైనాలో 16.4 కోట్లు. నాలుగో భాగం ఇదిగో అదిగో అన్నారు.

అన్నిటికంటే వింత వార్‌క్రాఫ్ట్. ఇది సీక్వెల్ కాదు, ఫ్రాంచైజీ మొదలుపెట్టాలని వీడియో గేమ్ నుంచి తీసిన సినిమా. 2016 జూన్‌లో చైనాలో మొదటి ఐదు రోజుల్లోనే 15.6 కోట్ల డాలర్లు లాగింది. అక్కడ ఆ గేమ్ ఆడినవాళ్లు లక్షల్లో ఉన్నారు, నెట్ సెంటర్లలో పెరిగిన తరం. అమెరికాలో మొత్తం రన్ 4.7 కోట్లు. ప్రపంచం మొత్తం కలిపి దాదాపు 44 కోట్ల డాలర్లు వచ్చిన సినిమాకి ఇప్పటికీ పార్ట్ 2 లేదు. గ్రాస్, షేర్ మధ్య తేడా తెలియాలంటే ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మరి ఏదీ వర్కవుట్ కాలేదా అంటే, అయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్స్ నాలుగో భాగం 2014లో చైనాలో అమెరికా కంటే ఎక్కువ వసూలు చేసి అప్పటికి అక్కడ నంబర్ వన్ అయింది. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ ఏడు, ఎనిమిది భాగాలు ఒక్కొక్కటి 39 కోట్ల డాలర్ల దాకా తెచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్స్‌లో చైనా బ్రాండ్ల ప్రకటనలు ఎన్నున్నాయంటే, వులోంగ్ అనే టూరిస్ట్ ప్రాంతం తాలూకు కంపెనీ తమ పేరున్న బోర్డు సినిమాలో చూపించలేదని కోర్టుకెక్కింది. కానీ ఈ సినిమా ఆడింది బ్రాండ్ల వల్ల కాదు. 1980ల చివర్లోనే ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ చైనా టీవీల్లో వచ్చింది, బొమ్మలు దుకాణాల్లోకి వచ్చాయి. 2014లో టికెట్ కొన్నవాడికి ఆప్టిమస్ ప్రైమ్ చిన్నప్పటి ఫ్రెండ్.

దీనికి పూర్తి రివర్స్ స్టార్ వార్స్. 1977లో మొదటి సినిమా వచ్చినప్పుడు చైనా థియేటర్లలో అది పడలేదు. తర్వాతి రెండూ పడలేదు. ఆ పాత మూడు సినిమాలను అక్కడ తెర మీద మొదటిసారి చూపించింది 2015 జూన్‌లో, షాంఘై ఫిల్మ్ ఫెస్టివల్లో. అదే ఏడాది ఫోర్స్ అవేకెన్స్ కోసం గ్రేట్ వాల్ మెట్ల మీద 500 స్టార్మ్‌ట్రూపర్ బొమ్మలు నిలబెట్టి మరీ పబ్లిసిటీ చేశారు. ఆ సినిమా అమెరికాలో 93 కోట్ల డాలర్లు దాటింది. చైనాలో 12.4 కోట్లు. తర్వాత లాస్ట్ జెడై 4 కోట్ల పైచిలుకు, రైజ్ ఆఫ్ స్కైవాకర్ 2 కోట్లు. ముసలి హాన్ సోలో తెర మీదకి రాగానే అమెరికా థియేటర్లో విజిల్స్. చైనా కుర్రాడికి మాత్రం ఆయనెవరో ఎవరైనా చెప్పాలి. మన దగ్గర చిరంజీవి రీఎంట్రీ సీన్‌ని ఖైదీ, గ్యాంగ్ లీడర్ చూడనివాళ్ల మధ్య వేసినట్టు.

ఇక్కడే మన బాహుబలి వస్తుంది. మొదటి భాగం 2016 జులైలో చైనాలో రిలీజైంది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండో భాగం 2018 మేలో వెళ్లింది. ఇండియాలో రికార్డులన్నీ తిరగరాసిన సినిమా అక్కడ 1.2 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు అన్న ప్రశ్నే వినని ఊళ్లో జవాబు చెప్తే ఎవరికి కావాలి? అంతకు ఏడాది ముందు దంగల్ అదే చైనాలో సుమారు 19 కోట్ల డాలర్లు తెచ్చింది. దానికి పార్ట్ 1 లేదు. కానీ 2011లో 3 ఇడియట్స్, తర్వాత పీకే చూసిన జనం ఆమిర్ ఖాన్‌ని గుర్తుపట్టారు. ఒక రకంగా ఆయనే వాళ్లకి ఫ్రాంచైజీ.

జపాన్‌లో బాహుబలి కథ వేరుగా నడిచింది. అక్కడ మొదటి భాగం 2017 ఏప్రిల్లో, రెండోది అదే డిసెంబర్ చివర్లో వచ్చింది. మధ్యలో ఎనిమిది నెలలే. చూసినవాళ్లు మర్చిపోలేదు. థియేటర్లో అరుపులు, కేకలకి పర్మిషన్ ఇచ్చే స్పెషల్ షోలు పెట్టారు, వంద రోజులు దాటింది. 2022లో ఆర్ఆర్ఆర్ వెళ్లేసరికి రాజమౌళి పేరు తెలిసిన జనం రెడీగా ఉన్నారు. ఆర్ఆర్ఆర్ బద్దలు కొట్టింది 1998 నుంచి నిలిచిన రజనీకాంత్ ముత్తు రికార్డు. ఆ ముత్తు ఏంటో తెలుసా? మలయాళం తేన్మావిన్ కొంబత్ రీమేక్. ఒరిజినల్ ఏదో తెలియని ఊళ్లో రీమేక్ కూడా ఒరిజినలే.

రీమేక్ మాట వచ్చింది కాబట్టి దృశ్యం గురించి చెప్పాలి, నాకైతే ఈ ఎపిసోడ్‌లో బాగా నచ్చిన ముక్క ఇదే. జీతూ జోసెఫ్ మలయాళం దృశ్యం 2013 డిసెంబర్. తెలుగులో మన వెంకటేష్‌తో 2014. తర్వాత కన్నడ, తమిళ, హిందీ, శ్రీలంకలో సింహళం కూడా. 2019 డిసెంబర్లో చైనావాళ్లు తీశారు. కథని థాయ్‌లాండ్‌లో ఒక ఊళ్లో పెట్టారు, అక్కడ చైనా కుటుంబం. పోలీసుల్ని ముప్పుతిప్పలు పెట్టిన తండ్రి మన దగ్గర తప్పించుకుంటాడు కదా, అక్కడ చివర్లో లొంగిపోతాడు. నేరం చేసినవాడు శిక్ష లేకుండా బయటపడితే చైనా సెన్సార్ దగ్గర కష్టం. ఆ సినిమా 120 కోట్ల యువాన్లు దాటింది. అంటే ఇంచుమించు దంగల్ వసూళ్లంత. బాహుబలి 2 వసూళ్లు దీని పక్కన పదో వంతు కూడా కావు. గుర్రాలు లేవు, కోటలు లేవు, ఒక కేబుల్ టీవీ అతని కథ. కాకపోతే రీమేక్ రైట్స్ అమ్మినవాళ్లకి మామూలుగా ముందే మాట్లాడుకున్న మొత్తం వస్తుంది, థియేటర్ డబ్బంతా తీసినవాళ్లదే. కథ మనది, షేర్ వాళ్లది.

దానికి చైనాలో పార్ట్ 2 కూడా వచ్చింది, 2021లో. దృశ్యం 2 అనుకుంటారేమో. కాదు! పేరు మాత్రమే అదే, హీరో అదే నటుడు, కథ మాత్రం డెంజెల్ వాషింగ్టన్ చేసిన జాన్ క్యూ రీమేక్. అదీ ఆడింది, వంద కోట్ల యువాన్లు దాటి. కథ కంటిన్యూ కాకపోయినా వాళ్ల ప్రేక్షకుడికి ఆ పేరు తెలుసు, అది చాలింది.

డిస్నీ మాత్రం చైనావాళ్ల కథనే తీసుకెళ్లి చైనాకి అమ్మబోయింది. 2020 మూలాన్, 20 కోట్ల డాలర్ల బడ్జెట్, పాత కార్టూన్ రీమేక్. అక్కడ వచ్చింది 4 కోట్లు. కరోనా ఉంది, షిన్‌జియాంగ్ గొడవ ఉంది, నిజమే. కానీ 1998 కార్టూన్ కూడా చైనాలో ఆడలేదు. ఆడని సినిమా రీమేక్‌కి పాత అభిమానులు ఎక్కడినుంచి వస్తారు?

ఇదే డిస్నీ, 2016లో జూటోపియా. చైనాలో మెల్లగా మొదలై 23 కోట్ల డాలర్ల దాకా పెరిగింది. 2023 డిసెంబర్లో షాంఘై డిస్నీల్యాండ్‌లో దానికి ప్రత్యేకంగా ఒక ఏరియానే కట్టారు. 2025 నవంబర్లో జూటోపియా 2 వచ్చినప్పుడు అమెరికా కంటే చైనాలోనే ఎక్కువ వసూలైంది. మిగతా హాలీవుడ్ సీక్వెల్స్ అక్కడ ఒకదాని తర్వాత ఒకటి తగ్గిపోతున్న టైంలో. ఫాస్ట్ సిరీస్‌నే చూడండి, ఎనిమిదో భాగానికి 39 కోట్లు ఇచ్చిన దేశం పదో భాగానికి 14 కోట్లే ఇచ్చింది.

ఆ ప్రేక్షకులు ఎక్కడికీ పోలేదు, వాళ్ల సినిమాలకు వెళ్లారు. 2017లో వుల్ఫ్ వారియర్ 2 ఒక్క చైనాలోనే 560 కోట్ల యువాన్లు దాటింది. 2025 జనవరిలో వచ్చిన నేజా 2 అయితే 1500 కోట్ల యువాన్లు, అంటే 200 కోట్ల డాలర్ల పైన. ప్రపంచంలో ఏ యానిమేషన్ సినిమాకీ అప్పటికి అంత రాలేదు. ఆ రెండూ సీక్వెల్సే. నేజా 2ని అమెరికాలో కూడా రిలీజ్ చేశారు. అక్కడ వచ్చింది ఇంచుమించు రెండు కోట్ల డాలర్లు. మొదటి భాగం చూసినవాళ్లు అక్కడ ఎంతమంది ఉంటారు చెప్పండి.